నిండు పోటులో ఎర్రపడవ

అనగనగా ఒక మడ అడవిలో, పోటుకి నీళ్ళు నిండి పాటుకి తీసేసే చోట, పోలయ్య అనే నక్క ఉండేవాడురా. నక్కంటే జిత్తులమారి అనుకునేరు. ఈ పోలయ్యకి ఏదీ సొంతంగా తేల్చుకోవడం రాదు. ఏం తినాలో, ఏ గట్టున పడుకోవాలో, అన్నీ పెళ్ళాం నూకాలే చెప్పేది. ఆ నూకాలు మొన్న వానల్లో జొరమొచ్చి పోయింది.

ఇంట్లో మిగిలింది పోలయ్య, ముగ్గురు పిల్లలు, కళ్ళు కనపడని అత్త అచ్చియ్యమ్మ.

ఒకనాడు అత్త అంది, "అల్లుడా, నా కూతురు చిన్నప్పుడు పొర్లాడిన ఇసకలంక ఉంది చూడు. పిల్లల్నీ నన్నూ ఒక్కసారి అక్కడికి తీసుకెళ్ళు. ఆ ఇసక కాలితో తొక్కితే చాలు నాకు. మళ్ళీ వానలకి ఉంటానో లేదో."

"తీసుకెళ్తానత్తా" అన్నాడు పోలయ్య.

నీటికుక్క సత్తెయ్య దగ్గర రెండు చిన్న మోటారు పడవలున్నాయి. "బావా, నా చేపలు గెద్దలు ఎత్తుకుపోకుండా ఇన్నేళ్ళు కాశావు. రెండింట్లో ఒకటి నీది. పిల్లల్నేసుకుని షికార్లు తిరుగు. ఏదో నువ్వే తేల్చుకో" అన్నాడు.

అక్కడే వచ్చింది చిక్కు.

ఒకటి ఎర్రపడవ. సన్నగా ఉంటాది, అడుగు నీళ్ళలో లోతుగా దిగుద్ది, ఇంజను పెద్దది. రెండోది బూడిదరంగుది. వెడల్పు, అడుగు పళ్ళెంలాగా చదును, ఇంజను ముసలోడిలా దగ్గుద్ది.

మొదటిరోజు వెళ్తే కొంగ అంది, "ఎర్రది తీసుకో. రివ్వున పోద్ది."

"అవును, ఎర్రదే" అనుకున్నాడు.

రెండోరోజు వెళ్తే పీత అంది, "ఓరి ఎర్రి నక్కా, బూడిదదాంట్లో అయితే మీ అత్త కాళ్ళు చాపుకుంటాది గదరా."

"అదీ నిజమే, బూడిదదే" అనుకున్నాడు.

మూడోరోజు రెండు పడవల మధ్యా నిలబడ్డాడు. తల గిర్రున తిరిగిపోయింది. నూకాలు నిలబడే పక్కకి తిరిగి, "ఏదే?" అని అడిగాడు. ఆ పక్కన ఎవరూ లేరు. అలవాటు మరి.

అప్పుడు నిండు పోటు. ఎర్రపడవ నీళ్ళ మీద పెళ్ళికూతురులా ఊగుతోంది. పిల్లలు, "నాన్నా, ఎర్రది, ఎర్రది" అని తోక పట్టుకు లాగారు. ఐదుగురికీ సరిగ్గా చోటుంది.

"పాటు దాకా ఆగి చూడవయ్యా" అంది పీత.

"ఆగితే మళ్ళీ మనసు మారుద్ది" అని ఎర్రదే ఎక్కించాడు అందర్నీ.

రివ్వున పోయింది. పిల్లలు ఇంకో చుట్టు అన్నారు. తిప్పాడు. ఇంకో చుట్టు అన్నారు. తిప్పాడు. మూడు చుట్లయ్యేసరికి నీళ్ళు తీయడం మొదలెట్టాయి. లంక కేసి తిప్పేసరికి పడవ అడుగు బురదలో దిగబడి ఒక పక్కకి ఒరిగింది. ఇంజను బురద చిమ్మి ఆగిపోయింది.

"వచ్చేశామా?" అంది అత్త.

"లేదత్తా. లంక ఎదురుగానే ఉంది. వెళ్ళలేం."

"పడవ ఎప్పుడు చూసి ఏరుకున్నావు నాయనా?"

"నిండు పోటులో."

అత్త ఒరిగిన పడవ అంచు తడిమింది. తర్వాత అంది, "నూకాలు పడవైనా మనిషైనా పాటులోనే చూసేది. నిన్నూ అట్టాగే చూసుకుంది. మీ బొరియలో ఎముక ముక్క కూడా లేని రోజున చూసొచ్చి, ఇతన్నే చేసుకుంటానమ్మా అంది."

 పోలయ్య బురద కేసి చూస్తా కూర్చున్నాడు.

అంతలో దగ్గుకుంటా బూడిద పడవ వచ్చింది. జానెడు నీళ్ళలోనే వచ్చింది. "ఎక్కండి బావా" అన్నాడు సత్తెయ్య. అందరూ ఎక్కాక, పోలయ్య పక్కన ఇంకొకరికి చోటు మిగిలింది. అందులో ఎవరూ కూర్చోలేదు. అందులోకి జరగమని పోలయ్యా ఎవరికీ చెప్పలేదు.

లంక మీద అత్త దిగింది. కాలితో ఇసక తడిమింది. చతికిలబడి, మూతి ఇసకలో పెట్టి వాసన చూసింది. "ఇదే" అంది. చాలాసేపు లేవలేదు.

తిరిగొచ్చేప్పుడు సత్తెయ్య అడిగాడు, "ఎర్రదాన్ని మళ్ళీ పోటుకి లాక్కొద్దాంలే. ఇంతకీ ఏది ఉంచుకుంటావు బావా?"

పోలయ్య ఈసారీ పక్కకే తిరిగి చూశాడు, ఆ ఖాళీ చోటు కేసి.

"ఇది" అన్నాడు.

నీతి: నిండు పోటులో ప్రతి పడవా తేలుద్ది. నీతో ఉండేదేదో నీళ్ళు తీసినప్పుడు చూసి ఏరుకోవాలి.