మూటలో జాతర

పూర్వం ఒక రాజ్యంలో మంత్రి ఊళ్లు తిరగడం మానేశాడు. ఫోన్లు ఎక్కడుంటే మనుషులూ అక్కడే ఉన్నట్టని, కూర్చున్నచోటి నుంచే యంత్రంతో జనాన్ని లెక్కపెట్టేవాడు.

కలరా సోకిన ఊరి కాటికాపరి గవరయ్య వచ్చి, వైద్యుణ్ణి పంపమని మొక్కాడు.

"మీవాళ్లు సగం మంది ఊరి బయట ఒక్కచోటే గుమిగూడారు. జాతర చేసుకుంటూ జబ్బంటావేంట్రా!" అని మంత్రి తరిమేశాడు.

నెల తర్వాత గవరయ్య ఒక మూట తెచ్చి సభలో దించాడు. "ఇప్పుడు జాతర ఎక్కడ జరుగుతోందో చూడండి దొరా."

యంత్రం చూసి మంత్రి తెల్లబోయాడు. "ఈ సభలోనే!"

గవరయ్య మూట విప్పాడు. నిండా ఫోన్లే. "శవం మీది వస్తువు కాటికాపరిదే కదా. దూరపు చుట్టాలు ఫోన్ చేస్తే కబురు చెబుదామని ఛార్జింగ్ పెట్టి ఉంచాను."

సింహాసనం మీది రాజు లేచి నిలబడ్డాడు. "ఊళ్లో ఇంకెందరున్నారు?"

"ఈ మూటలో లేనిది నా ఫోనొక్కటే ప్రభూ."