రథంలో పట్టని సారథి

కుందనగిరి రాజుగారు పందేల కోసం కొత్త రథం చేయించి సభామండపం ముందు నిలబెట్టించారు. పట్టుపరుపులు, గాలితో పోటీపడే చక్రాలు! తోలవలసిన గుర్నాథం మాత్రం ఏనుగు గున్నలాంటి మనిషి. ఎక్కి కూర్చోబోతే సగమే పట్టాడు, మిగతా సగం బయటే ఉండిపోయింది.

సభంతా పగలబడి నవ్వింది. రథాల అధికారి విశ్వంభరుడు మీసం దువ్వుకుని, "రథంలో తప్పు లేదు ప్రభూ! వీణ్ణి ఒళ్ళు తగ్గించుకుని రమ్మనండి. లేదా పగ్గాలు మా బావమరిదికి ఇప్పించండి" అన్నాడు.

గుర్నాథానికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇన్నాళ్ళూ పందేలు గెలిచింది ఈ ఒంటితోనే! సరే గానీ అయ్యా, సింహాసనం ముందు ఆ పీట ఎవరు వేయించారు?"

"నేనే!" అన్నాడు విశ్వంభరుడు గర్వంగా. "ప్రభువుల కాళ్ళు నేలకు అందడం లేదని చందనంతో చేయించాను."

"మరి కాళ్ళు పెంచుకుని రమ్మని ప్రభువులకు చెప్పలేదేం?"

రాజుగారు పీట మీదున్న తన పాదాలకేసి చూసుకున్నారు. తర్వాత గుర్నాథం కేసి చూశారు.

"వడ్రంగిని పిలవండి. ఈసారి కొలతలు ఇతనివి తీసుకోమనండి."