మాట ఏదైతేనేం?

కొలువులో అర్జీలు రాసే తిప్పన, ఒక్క మాట కోసం ఇంత పట్టు పట్టిన మనిషిని ఎన్నడూ చూడలేదు. మంత్రి కంచె వేయించిన ఏటి ఒడ్డున మట్టి తవ్వుకోవడం కుమ్మరుల హక్కని రాయమంటుంది కుమ్మరి సూరమ్మ. ‘హక్కు’ కొట్టేసి ‘ప్రభువుల దయ’ అని రాయమంటాడు మంత్రి.

“మట్టి దొరుకుతుందిగా, మాట ఏదైతేనేమే?” అని రాజు ముందే కసిరాడు మంత్రి.

“నిజమే దొరా,” అంది సూరమ్మ. “అయితే రేపు ఏలినవారు కొలువుకొచ్చేటప్పుడు, ‘తాతతండ్రుల హక్కుతో గద్దెనెక్కిన ప్రభువు’ అనకుండా, ‘కుమ్మరుల దయతో గద్దెనెక్కిన ప్రభువు’ అని వందిమాగధుల్ని పలకమనండి. గద్దె ఎలాగూ ఉంటుందిగా!”

రాజు ఏమంటాడోనని తిప్పన గంటం ఆపి తలెత్తాడు. రాజు చెయ్యి కిరీటం మీదికి పోయింది.

“ఆమె చెప్పిన మాటే రాయవయ్యా,” అన్నాడు.