పసుపు వదలడం నేర్చుకున్న వైనం

ఒకప్పుడు పసుపు ఎక్కడైనా అంటుకుందంటే ఇక వదిలేది కాదు. ఉతికినా పోదు, రుద్దినా పోదు, వారం రోజులు ఎండలో ఆరేసినా పోదు. దానితో వేగలేక జనం తల పట్టుకునేవాళ్లు.

ఆ కాలంలో ఒక కొండ పక్కన ఈదమ్మ అనే ఆవిడ ఉండేది. ఆవిడ దగ్గర రెండు రంగులుండేవి. ఒకటి జేగురు, అంటే కొండలో దొరికే ఎర్రరాయి. దాన్ని నూరి బండ మీద లేడి బొమ్మ వేసింది. జేగురు పెట్టిన చోట బుద్ధిగా కూర్చుంది.

రెండోది పసుపు. గడపకి రాస్తే చేతికి అంటుకుంది, చేతినుంచి కుండకి, కుండనుంచి కుక్క చెవులకి పాకింది. ఊరంతా పచ్చకామెర్లు వచ్చినట్టు తయారైంది. చెబితే వింటుందా, అబ్బే!

ఒకరోజు ఈదమ్మ పసుపు చేతులతోనే అప్పుడే పుట్టిన తెల్ల దూడను నిమిరింది. ఇంకేముంది, దూడ పచ్చబడింది. తల్లి ఆవు చూసి, తన దూడ తెల్లనిదని, ఇదెవరి బిడ్డో తనకి తెలియదని కాలితో తోసేసింది. రెండు రోజులు పాలు లేక దూడ నిలబడలేకపోయింది.

కడిగి కడిగి విసిగిపోయిన ఈదమ్మ, దూడను ఎత్తుకొచ్చి ఎండలో పడుకోబెట్టి, సూర్యుణ్ణి పంచాయితీకి పిలిచింది. సూర్యుడికి ఒళ్లు మండింది. ఆయనకది కొత్తేమీ కాదనుకోండి. లోకమంతా ఆరబెట్టే పని చాలదా అని గొణుక్కుంటూనే, దూడను వదిలెయ్యమని పసుపుకి చెప్పాడు.

పసుపు ఏడుపు మొహం పెట్టింది. "వదిలేస్తే నన్ను మర్చిపోతారు. ఆ జేగురు లేడినైతే మునిమనవలు కూడా చూస్తారు" అంది.

"జేగురును ఒకసారి పెట్టి వదిలేశాను. మళ్లీ ముట్టుకున్నానా?" అంది ఈదమ్మ. "నువ్వు వెలిసిపోతే వారం వారం నా చేత్తోనే రాస్తాను. ముందు ఆ దూడను చూడవే తల్లీ."

పసుపు చూసింది. దూడ మెడ వాలిపోయి ఉంది. పసుపుకి భయం వేసింది, జాలీ వేసింది. కళ్లు మూసుకుని మెల్లగా ఎండలోకి జారిపోయింది. సాయంత్రానికి దూడ తెల్లబడింది. ఆవు దాన్ని నాకి, పొదుగు అందించింది.

అప్పటినుంచే పసుపు ఎండకి వెలిసిపోతుంది. కొండ మీద జేగురు లేడి ఇంకా ఎర్రగానే ఉంది, కానీ దాన్ని తడిమే చెయ్యి లేదు. గడప మీది పసుపుకి మాత్రం ప్రతి వారం ఎవరో ఒకరు నడుం వంచి, విసుక్కుంటూనే, మళ్లీ రాస్తారు.