ముంగిస కాలికి కట్టు

గోరింటపురం రాజుగారికి ముగ్గురు పిల్లలు. దసరా నాడు ఊరంతా చూస్తుండగా మూడో పిల్ల మొదటివాడి చెయ్యి విరగ్గొట్టింది. జరిగిన తప్పు అదీ. మిగతా కథంతా దాని వెనకాల వచ్చిందే.

రాజు పేరు మహీపాలుడు. పెద్దకొడుకు విజయపాలుడు, రెండోవాడు గుణపాలుడు, మూడోది వకుళ. ముగ్గురూ ఓబన్న గురువు దగ్గర కర్రసాము నేర్చుకున్నారు. పెద్దవాడికి బలం ఉంది. రెండోవాడికి వేగం ఉంది. వకుళకి బలమూ ఉంది, వేగమూ ఉంది, వాటితోపాటు ముక్కు మీద కోపమూ ఉంది.

ఓబన్న గురువు గరిడీలో ఒక పద్ధతి ఉంది. ఆటలో ఎవరికి దెబ్బ తగిలినా, ఆ దెబ్బ కొట్టినవాళ్ళే పక్కన కూర్చుని పసుపూ నూనే రాసి కట్టు కట్టాలి. కట్టు పూర్తయ్యేదాకా మళ్ళీ కర్ర ముట్టుకోకూడదు. అందుకే అక్కడ నేర్చుకునే ప్రతివాళ్ళ నడుముకీ ఒక పసుపు మూటా, చిన్న నూనెబుడ్డీ వేలాడుతుండేవి. రాజుగారి పిల్లలైనా అంతే, గుర్రాలకి గడ్డి వేసే వీరన్న కొడుకైనా అంతే.

దసరా పోటీలో అన్నా చెల్లెలూ ఎదురెదురుగా నిలబడ్డారు.

"ఏమే వకుళా, కర్ర తిప్పుతున్నావా, మజ్జిగ చిలుకుతున్నావా?" అన్నాడు విజయపాలుడు.

జనం నవ్వారు. వకుళ రెండడుగులు ముందుకేసి, ఒక్క విసురుతో అన్న చేతిలో కర్రని ఎగరగొట్టింది. అక్కడితో ఆట అయిపోయింది. ఆమె గెలిచింది.

"సరే తల్లీ, బాగానే చిలికావు," అన్నాడు అన్న, వట్టి చేతులు చూపిస్తూ.

జనం మళ్ళీ నవ్వారు. ఆ నవ్వు చెవిన పడగానే వకుళ ఇంకో దెబ్బ వేసింది. ఎముక విరిగిన చప్పుడు వెనక వరసలో ఉన్నవాళ్ళకి కూడా వినిపించింది.

"వచ్చి కట్టు కట్టమ్మా," అన్నాడు ఓబన్న గురువు.

"ముందు అన్నయ్య నోటికి కట్టండి," అంది వకుళ. కర్ర విసిరేసి వెళ్ళిపోబోయింది.

అంతలో వేడిగాలి వీచింది. పందిళ్ళు ఎగిరిపోయాయి. గోదా మధ్యలో తాటిచెట్టంత పొగ లేచింది, ఆ పొగలోంచి నిప్పుకంటి మాంత్రికుడు బయటికొచ్చాడు. వాడి తిండి అన్నం కాదు, మాంసం కాదు, మనుషుల కోపం.

"ఏం వాసన, ఏం వాసన," అన్నాడు వాడు లొట్టలేస్తూ. "ఏడు సముద్రాల అవతలికి కొట్టింది. పిల్లా, మీ అన్నని తీసుకుపోతున్నాను. మూడు పున్నములు చూస్తాను. నువ్వు రాకపోతే వాడు రాయైపోతాడు. వచ్చేటప్పుడు ఆ కోపం మాత్రం మర్చిపోకుండా తెచ్చుకో."

విజయపాలుణ్ణి చంకలో పెట్టుకుని పొగలో కలిసిపోయాడు.

వకుళ కదిలేలోపే గుణపాలుడు పడవెక్కాడు. ఒక పున్నమి గడిచింది, కబురు లేదు. రెండో పున్నమికి అతని పడవ ఖాళీగా తిరిగొచ్చింది. ఇక మిగిలింది వకుళ ఒక్కతే. ఆమె గురువు దగ్గరికి పరిగెత్తింది.

"గురువుగారూ, నా కర్ర ఇవ్వండి."

"ఎందుకమ్మా?"

"వాడి తల పగలగొట్టడానికి."

"అయితే ఇవ్వను."

వకుళ పళ్ళు కొరికింది. గుమ్మం దాకా వెళ్ళింది, మళ్ళీ వెనక్కొచ్చింది. "అన్నయ్యల్ని ఇంటికి తీసుకురావడానికి," అంది.

గురువు కర్ర తీసిచ్చాడు.

గోదా గట్టులో బొరియ చేసుకుని ఒక ముంగిస ఉండేది. అది తల బయటపెట్టి, "నేనూ వస్తాను. పదేళ్ళనుంచీ మీ ఆటలు చూసి చూసి విసుగొచ్చింది," అంది.

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. వకుళ కర్రతో దాన్ని తిరగేసింది.

"నీ కడుపు చల్లగా, ఎక్కడికమ్మా?" అంది తాబేలు.

"ఏడు సముద్రాల అవతలికి, పెద్దమ్మా."

"ఎక్కు మరి. ముంగిసని గోళ్ళు దాచుకోమను, నాకు చక్కిలిగిలి."

ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రంలో తాబేలు నాలుగు గుక్కలు తాగి, ఒక పూటంతా గుండ్రంగా తిరిగింది. నేతి సముద్రంలో వకుళ మూడుసార్లు జారిపడింది. పెరుగు సముద్రం గడ్డకట్టి ఉంటే కర్రతో చిలుక్కుంటూ దారి చేసుకున్నారు. పాల సముద్రం, మంచినీళ్ళ సముద్రం నిద్రపోయినంత సుఖంగా గడిచాయి.

దారిలో వకుళ ముంగిసని అడిగింది. "పాముని చూస్తే నీకు అంత కోపమెందుకు?"

"కోపమా? నాకు పాము మీద కోపమే లేదు. ఉంటే ఎప్పుడో చచ్చేదాన్ని. కోపమొస్తే పడగే కనిపిస్తుంది, అది ఊగుతుంటే దానితోపాటు ఊగుతాం. నేను మెడ వెనకాల చూస్తాను."

"అంటే కోపం దిగమింగుకోవాలన్నమాట."

"మింగమని నేనన్నానా?" అంది ముంగిస.

మూడో పున్నమి నాటి మిట్టమధ్యాహ్నానికి దీవి చేరారు. దీవి నిండా రాతిబొమ్మలు. కత్తులెత్తిన వీరులు, గదలెత్తిన వీరులు, అందరి మొహాల్లోనూ ఒకటే కోపం. కత్తి ఎత్తిన గుణపాలుడు కూడా అక్కడే రాయై ఉన్నాడు. మధ్యలో పెద్ద మండపం. మండపం కప్పుకి వంద పంజరాలు, వందలోనూ వంద చిలకలు. ఒక స్తంభానికి విజయపాలుడు, ఇంకా మనిషిగానే, కట్టేసి ఉన్నాడు.

"రా తల్లీ, రా, ఆకలితో చస్తున్నాను," అన్నాడు మాంత్రికుడు. "నా ప్రాణం ఆ చిలకల్లో ఒకదానిలో ఉంది. అదేదో నీకు తెలీదు. నీకు మూడు దెబ్బలిస్తున్నాను. నన్ను కొడతావో, చిలకని కొడతావో నీ ఇష్టం. మూడో దెబ్బకీ నేను పడకపోతే నువ్వూ రాయి, మీ అన్నా రాయి."

చిలకలు మొదలుపెట్టాయి. "మజ్జిగ చిలికే పిల్ల వచ్చింది! వట్టిచేతులవాణ్ణి కొట్టిన పిల్ల వచ్చింది!"

వకుళ ఒళ్ళు మండింది. కర్ర ఎత్తి మాంత్రికుడి భుజం మీద బలం కొద్దీ కొట్టింది. కర్ర వాడికి పూలచెండులా తగిలింది. వాడు త్రేన్చాడు, మండపం కప్పుదాకా పెరిగాడు.

"ఒకటి," అన్నాడు.

ఈసారి వకుళ కోపం దిగమింగింది. దవడ బిగించింది. పెదవులు తెల్లబడ్డాయి. మొహంలో ఏమీ కనపడనీయకుండా, చల్లగా ఉన్నట్టు నటిస్తూ, కర్రని వెనక్కి గుండ్రంగా తిప్పి కొట్టింది. మాంత్రికుడు కళ్ళు మూసుకుని చప్పరించాడు.

"ఊరవేసిన కోపం. ఇది ఇంకా బాగుంది. రెండు."

వాడి తల కప్పు చీల్చుకుని పైకి వెళ్ళింది. పెంకులు వర్షంలా రాలాయి. వకుళ కాలి వేళ్ళు చల్లబడుతున్నాయి. చూసుకుంటే బొటనవేళ్ళు రాయిగా మారుతున్నాయి. ఇక ఒకటే దెబ్బ. ఆమె మూడోసారి కర్ర ఎత్తింది.

వెనకనించి కీచుమని మూలుగు వినిపించింది. ముంగిస నేలమీద పడి ఉంది. రెండో దెబ్బప్పుడు వెనక్కి తిప్పిన కర్ర దాని ముందుకాలికి తగిలింది.

"చూసుకోలేదు," అంది వకుళ.

"తెలుసు. కర్ర కింద పెట్టు," అంది ముంగిస. "పద్ధతి పద్ధతే."

ఆమె మాంత్రికుణ్ణి చూసింది. ముంగిసని చూసింది. కర్ర కింద పెట్టి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పసుపు మూట విప్పింది, నూనె కలిపింది, పైటచెంగు చింపింది.

"ఏయ్, ఇంకో దెబ్బ ఉంది, లే," అన్నాడు మాంత్రికుడు.

"ఆగు, పనిలో ఉన్నాను."

"భయపడింది, భయపడింది!" అని చిలకలు అరిచాయి.

"మరీ బిగించకు, వాపొస్తుంది," అన్నాడు స్తంభం దగ్గరనించి విజయపాలుడు.

వకుళ తలెత్తి అన్న చెయ్యి చూసింది. రెండు నెలలుగా కట్టు లేక అది వంకరగా అతుక్కుపోయింది. ఆ కట్టు తను కట్టాల్సింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ చేతులాగలేదు. చుట్టు మీద చుట్టు వేసింది. ముంగిస కాలు చిన్నది, ఎముక అగ్గిపుల్లంత ఉంది, మనసంతా అక్కడ పెడితే తప్ప కట్టు నిలవదు. మనసంతా అక్కడ పెట్టింది. ముడి వేసేసరికి ఎవరి మీదా కోపం లేదు. దాచుకున్నది కూడా లేదు.

మాంత్రికుడు కప్పులోంచి కిందికి దిగాడు. స్తంభమంత అయ్యాడు. మనిషంత అయ్యాడు. "తిట్టండర్రా, ఇంకా తిట్టండి," అని చిలకల మీద కేకలేశాడు. అవి గొంతులు చించుకున్నాయి.

ఇందాక వకుళకి తిట్లే వినిపించాయి. ఇప్పుడు నింపాదిగా వింటే ఇంకోటి తెలిసింది. తొంభైతొమ్మిది చిలకలు అరుస్తున్నాయి. ఈశాన్యం మూల పంజరంలో ఒక చిలక మాత్రం ముక్కు రెక్కలో దాచుకుని, కిక్కురుమనకుండా కూర్చుంది. ఎవరి కళ్ళూ తన మీద పడకూడదన్నట్టుగా.

వకుళ లేచింది. రాయిగా మారుతున్న బొటనవేళ్ళు మళ్ళీ మామూలుగా కదిలాయి. కర్ర తీసుకుంది. మాంత్రికుడివైపు అడుగేసినట్టే వేసి, మడమ మీద తిరిగి, ఈశాన్యం మూల కొక్కెం మీద ఒక్క దెబ్బ వేసింది. గరిడీలో వెయ్యిసార్లు వేసిన మామూలు దెబ్బే. పంజరం తెగి ఆమె చేతుల్లో పడింది.

"మూడు," అంది వకుళ.

మాంత్రికుడు కాళ్ళ మీద పడ్డాడు. ఆమె చెప్పినట్టల్లా మంత్రాలు చదివి రాళ్ళన్నిటినీ మనుషుల్ని చేశాడు. గుణపాలుడు ఎత్తిన కత్తి దించి, "అయిపోయిందా?" అన్నాడు.

"ఇక దాని మెడ నులిమెయ్," అన్నారు లేచిన వీరులంతా.

వకుళ చిలకని చూసింది. అది వణుకుతోంది. "నీకేం కావాలి?" అని అడిగింది.

"జామపండు," అంది చిలక. "మూడొందల ఏళ్ళనుంచీ మిరపకాయలే పెడుతున్నాడు."

ఆమె పంజరం తలుపు తెరిచింది. చిలక తుర్రుమంది. మాంత్రికుడు గుండె పట్టుకుని దాని వెనకాల పరిగెత్తాడు. దాన్ని పిల్లి పట్టినా వాడు చస్తాడు, గద్ద తన్నినా చస్తాడు. ఆనాటినించీ వాడికి ఏ జామచెట్టు కింద పిల్లులున్నాయో చూసుకోవడమే పని. ఇంకొకరి జోలికి పోవడానికి తీరిక లేదు.

వకుళ అన్న కట్లు విప్పింది. "నీ కర్ర పడిపోయాక కొట్టాను. అది ఆట కాదు, తప్పు."

"నేనూ నోరు కట్టుకోవాల్సింది," అన్నాడు విజయపాలుడు. అతని చెయ్యి మళ్ళీ సరిగ్గా రాలేదు. ఆ చేత్తో కత్తి పట్టలేనని, రాజ్యం చెల్లెలికే ఇవ్వమని ఇంటికి చేరాక తండ్రికి అతనే చెప్పాడు.

రాళ్ళలోంచి లేచినవాళ్ళలో మణిగిరి రాకుమారుడు మాధవసేనుడు కూడా ఉన్నాడు. ఏడేళ్ళపాటు గద ఎత్తి నిలబడినవాడు. ఇంత ఓపికున్నవాడు తనకి అక్కరకొస్తాడని వకుళ అతన్నే పెళ్ళాడింది. పెళ్ళికి తాబేలు పెద్దముత్తయిదువ. పదహారు రోజులు ఊళ్ళో ఎవరింటా పొయ్యి వెలగలేదు, భోజనాలన్నీ కోటలోనే.

పట్టాభిషేకం నాడు వకుళ ఒక నిర్ణయం చేసుకుంది. ఒంట్లో కోపం ఉన్నంతసేపూ కర్ర ముట్టుకోదు. తెల్లవారుజామున గరిడీకి వెళ్ళడం మానలేదు, కానీ కోపంగా ఉన్న రోజున గోదా తవ్వి, మట్టి మెత్తచేసి, ఇంటికొచ్చేసేది. నలభై ఏళ్ళు ఏలింది.

ఏలుబడి పన్నెండో ఏట పొరుగురాజు సరిహద్దులోని వరికుప్పలు తగలబెట్టి, కోట వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. మంత్రి పరుగున వచ్చాడు.

"మహారాణీ, తలుపులు బద్దలవుతున్నాయి. కర్ర అందుకోండి."

"ఇంకా కోపంగా ఉంది," అంది వకుళ. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు వలవడం మొదలుపెట్టింది. మాధవసేనుడు పక్కన కూర్చుని తనూ వలిచాడు. మంత్రి నిలబడి చెమటలు తుడుచుకున్నాడు. బయట దూలాలు విరుగుతున్నాయి. ఒక చేట నిండింది. రెండో చేట సగమైంది.

అప్పుడామె చేతులు దులుపుకుని లేచింది.

"పద," అంది. "కర్రతోపాటు పసుపు బస్తా కూడా తెప్పించు. వాళ్ళు చాలామంది ఉన్నారు."