పిలవని పేరంటం దండు

పరదేశయ్యస్వామికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా వెంటనే బదులు చెప్పేవాడు కాదు. ముందు వాళ్ళ చేతికి ఏదో ఒక పని అందించి, ఆ పని సాగుతుండగా కథ ఎత్తుకునేవాడు. ఆవేళ శిష్యుడు గవరయ్య ముందుకు చింతపండు చాట జరిపి గింజలు తియ్యమన్నాడు. గవరయ్య పక్కన బట్టలమూట ఉంది. మఠం విడిచి వెళ్ళిపోదామనే కట్టుకున్నాడు.

"స్వామీ, ఈ కొండదారికి నన్నెవరూ రమ్మనలేదు" అన్నాడు గవరయ్య. "ఎండలో నడిచేవాళ్ళను చూడలేక నా కుండ నేనే మోసుకొచ్చి నీళ్ళు పోశాను. దాహంతో ఉన్న మనిషి కనబడితే చాలు, కుండ దానంతటదే లేచేది. ఇప్పుడు మఠం నాకు గుడ్డ ఇచ్చింది, గది ఇచ్చింది, వేళకు గంట పెట్టింది. గంట కొడితే గానీ కుండ లేవడం లేదు. ఇది సేవా, కొలువా? కొలువే అయితే నాకొద్దు స్వామీ."

"పోదువులే. చింతపండు కానీ" అని స్వామి కథలోకి దిగాడు.

ఎర్రగట్టు కనుమ మీదికి ఒకప్పుడు దోపిడీ దండు వచ్చిపడింది. రాజుగారి సైన్యం ఎక్కడో దూరాన ఉంది. కనుమ కింది ఊళ్ళలో కుమ్మరులు, గొర్రెల కాపరులు, గానుగ ఆడేవాళ్ళు ఎవరికి వారే బయల్దేరారు. కావడిబద్ద దొరికినవాడు కావడిబద్ద, కొడవలి దొరికినవాడు కొడవలి. కుమ్మరి పైడయ్య ఇంట్లో ఏమీ దొరక్క రోకలి భుజాన వేసుకున్నాడు. వాళ్ళావిడ వెనకాలే పరిగెత్తుకొచ్చింది. "ఏమయ్యోయ్! వడ్లు రోట్లో ఉన్నాయి, రోకలి నీ చేతిలో ఉంది! యుద్ధం నీదైతే కావచ్చు, రోకలి నాది!" అందరూ ఒకటే నవ్వు. ఆ నవ్వు చల్లారకుండానే దోపిడీ దండు మీద పడ్డారు. ఎంత చిత్రమో చూడు, తరిమేశారు కూడా! తరిమాక సగంమంది వాళ్ళ వెంటబడ్డారు, సగంమంది అన్నాలవేళైందని ఇళ్ళకు పోయారు.

సంగతి విన్న కోటలోని ఉద్యోగులు, "యుద్ధానికి పిలవని పేరంటంలా వచ్చారట" అని ఎగతాళి చేశారు. ఆ పేరే నిలిచిపోయింది. రాజుగారు మాత్రం ఎగతాళి చెయ్యలేదు. ఈటెలు పంపాడు, జీతాలు ఏర్పాటు చేశాడు, సాము నేర్పే గురువుల్ని పంపాడు. కుడికాలేదో ఎడమకాలేదో తేలడానికే ఒక వానాకాలం పట్టింది. ఏళ్ళు గడిచాయి. రాజ్యంలో ఎక్కడ గట్టి పోరు వచ్చినా ముందు వాళ్ళనే పంపేంతగా ఆ దండు రాటుదేలింది. తెల్లవారగానే నగారా మోగుతుంది, మోగగానే వరస కడతారు. జెండా మీద మాత్రం అదే పేరు, పిలవని పేరంటం దండు.

అప్పుడు భూపతిరాజనే కొత్త దళపతి వచ్చాడు. జెండా చూసి మొహం చిట్లించాడు. "రాజుగారి సైన్యానికి ఇదేం పేరయ్యా? రేపు మార్పించేస్తాను. అయినా జీతాలు తీసుకునే సిపాయిలు మీరు. నగారా కొడితే తప్ప లేవరు. మీరు పిలవని పేరంటం ఎలా అవుతారు?"

తల నెరిసిన పైడయ్యకు ఆ మాట ముల్లులా దిగింది. ఎందుకంటే అదే అనుమానం అతని మనసులోనూ చాన్నాళ్ళుగా ఉంది. రోకలి పట్టుకుని ఉరికిన ఆ పైడయ్య ఇంకా ఉన్నాడా, లేక నగారాకు లేచే ఈ పైడయ్యే మిగిలాడా?

మర్నాడు తెల్లవారేసరికి జోరున వాన. దోపిడీ దండు మళ్ళీ కనుమ ఎక్కుతోందని కావలివాడు పరుగున వచ్చి దళపతికి చెప్పాడు. దళపతి నగారా కొట్టించాడు. తడిసిన తోలు 'బొద్'మని ఊరుకుంది. ఇంకో దెబ్బకు ఆ మాత్రం కూడా అనలేదు. ఇక గుడిసె గుడిసెకూ వెళ్ళి లేపాలనుకుని దళపతి తలపాగా అయినా చుట్టుకోకుండా వానలోకి ఉరికాడు. వరస కట్టే మైదానం దగ్గరికొచ్చి నిలువునా ఆగిపోయాడు.

దండంతా నిలబడి ఉంది. నడికట్లు బిగించి, ఈటెలు నిలబెట్టి, ఎవరి చోట వాళ్ళు, గీత గీసినట్టు. కనుమ వైపునుంచి కొంగలు బెదిరి లేవడం చూసి లేచినవాళ్ళు కొందరు, పక్కవాడి అలికిడికి లేచినవాళ్ళు కొందరు. ముందు వరసలో పైడయ్య, గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నగారా మోగలేదే! మిమ్మల్నెవరు పిలిచారయ్యా?" అన్నాడు దళపతి.

పైడయ్య ఒక్క క్షణం తనూ ఆశ్చర్యపోయాడు. తర్వాత అతని మొహమంతా నవ్వు పరుచుకుంది. "ఎవరూ పిలవలేదు దొరా! పేరంటానికొచ్చాం!"

వరసలన్నీ గొల్లుమన్నాయి. దళపతి నెత్తిమీద వాన తుడుచుకుని, "బొట్టు పెట్టి పిలవకపోయినా నేనూ వచ్చాను. నాకూ ఈ వరసలో ఇంత చోటిస్తారా?" అన్నాడు. ఆ దండు నవ్వుతూనే కనుమ ఎక్కింది. వానతెరలోంచి కదలకుండా నిలబడ్డ ఆ ఈటెల వరస చూసి, దోపిడీవాళ్ళు వచ్చిన దారినే వెనక్కి తిరిగారు. ఆ రోజు అన్నాలకు ఒక్కడు కూడా ముందుగా పోలేదు. జెండా మీది పేరు మార్చే ఊసు దళపతి మళ్ళీ ఎత్తలేదు.

కథ అక్కడ ఆగింది. గవరయ్య చేతిలో చింతగింజ అలాగే ఉండిపోయింది. "మరి స్వామీ, నా గంట సంగతి..." అని మొదలుపెట్టాడు. అంతలో దారి మలుపులో ఎద్దుల మువ్వలు, వెనకాల ఈడ్చుకుంటూ నడిచే కాళ్ళ చప్పుడు, ఎవరో పసిబిడ్డ ఏడుపు వినిపించాయి. గవరయ్య మాట సగంలోనే లేచాడు. కుండ నెత్తిన పెట్టుకుందామంటే చుట్టకుదురు కనబడలేదు. మూట ముడి విప్పి తువ్వాలు లాగాడు, గిరగిరా చుట్టి తలమీద పెట్టుకున్నాడు. మొదటి రోజుల్లో ఎప్పుడూ మరిచిపోయే, నీళ్ళు వడగట్టే గుడ్డను కూడా చంకన దోపుకుని, పరుగులాంటి నడకతో గడప దాటాడు. విప్పిన మూట అరుగుమీదే నోరు తెరుచుకుని ఉండిపోయింది.

స్వామి చాట తన ముందుకు లాక్కుని వెనకనుంచి కేకేశాడు.

"గవరయ్యా! గంట ఇంకా కొట్టలేదయ్యా!"