చివరి ఆకు మాట

కొండ మీది జైన బసదిలో గుణనందికి ఒకటే దిగులు. తాను మూడేళ్ళు కష్టపడి రాసిన తాటాకుల కట్టకు గురువుగారు ఇంకా సరే అనలేదు.

ఆ బసదిలో ఒక ఆనవాయితీ ఉంది. పొద్దు గుంకే వేళకు శిష్యులంతా గురువు ముందు కూర్చుని, ఆ రోజు తమ వల్ల ఏ ప్రాణికి ఏ బాధ కలిగిందో ఒక్కొక్కరే చెప్పుకోవాలి. చీమను తొక్కినా చెప్పాలి, తోటివాణ్ణి కసిరినా చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా ఇవే వింటున్న గురువు మేఘచంద్రస్వామి చాలా అలిసిపోయి ఉన్నారు. మోకాళ్ళ నొప్పి ఒకటి, ఈ వినడం ఒకటి.

"కోపం వచ్చింది స్వామీ" అని ఒక్క ముక్కలో తేల్చేసే శిష్యులంటే గుణనందికి చిరాకు. ఎంత కోపం, ఏ రకం కోపం? అందుకే మనిషి మనిషి మీదికి వెళ్ళే తీరులన్నిటికీ మాటలు ఏరి, అర్థాలు రాశాడు. నలభై రెండు మాటలు. చెప్పకుండా వచ్చి చేసేది దాడి. బలం చూసుకుని చేసేది దౌర్జన్యం. ఆలోచించే లోపే చేసేది దూకుడు. ఇలా తగ్గుకుంటూ తగ్గుకుంటూ వచ్చి, చివరి ఆకులో చొరవ. మంచి కోసం ఒక అడుగు ముందుకు వేయడం అని దాని అర్థం.

రాత బాగానే ఉంది. వాడుక దగ్గరే వచ్చింది చిక్కు. శిష్యులు ఆ కట్ట చదివి తెలివి మీరిపోయారు. పక్కవాడి సంగతి చెప్పేటప్పుడు మొదటి ఆకు తిప్పేవారు, తమ సంగతి వచ్చేసరికి చివరి ఆకుకు వెళ్ళేవారు. గుణనంది అందరికంటే నేర్పరి.

ఎండలు ముదిరిన ఒక సాయంత్రం అతని వంతు వచ్చింది.

"స్వామీ, ఈ రోజు నా వల్ల దాడి లేదు, దౌర్జన్యం లేదు. ఒకచోట దూకుడు... అది కూడా అనలేం. చొరవ."

"ఏం జరిగింది నాయనా?"

"వాగు దగ్గర సూరవ్వ అనే ఆవిడ ఇసుకలో తవ్విన చెలమ నుంచి నీళ్ళు తోడి, వడకట్టకుండా కుండలో పోసుకుంటోంది. ఆ నీళ్ళలో ఎన్ని ప్రాణులుంటాయి! చెప్పాను. వినిపించుకోలేదు. కుండ తీసుకుని నీళ్ళు మళ్ళీ చెలమలో పోసేశాను. ప్రాణులు బతికాయి."

"కుండ?"

"జారింది స్వామీ. పగిలింది."

మేఘచంద్రస్వామి కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారేమో అనుకున్నాడు గుణనంది. కాసేపటికి ఆయన, "పొద్దున నాతో కిందికి రా. కట్ట తెచ్చుకో" అన్నారు.

గుణనంది మనసు గాల్లో తేలింది. ఊళ్ళోవాళ్ళ ముందు కట్ట చదివించి, సరే అంటారన్నమాట!

కొండ దిగడానికే ఆయనకు చాలాసేపు పట్టింది. ప్రతి మలుపులోనూ కూర్చున్నారు. సూరవ్వ గుడిసె చేరేసరికి ఎండ చుర్రుమంటోంది.

ఆమె అప్పుడే వాగు నుంచి వచ్చి గడప దగ్గర కుండ దించుతోంది. పెద్దస్వామిని చూసి దండం పెట్టబోయింది. ఆయన వెనక గుణనంది కనబడ్డాడు. పెట్టబోయిన చేతులు వెనక్కి తీసుకుని, కుండను రెండు చేతులా పొట్టకు హత్తుకుంది. సగానికి పైగా నీళ్ళు ఒలికి చీర తడిసింది.

"ఇది మా వదినె కుండ సామీ" అంది గుణనంది వైపు చూసి. "నాది కాదు."



గురువుగారు అరుగు మీద కూలబడ్డారు. "కట్ట చదువు నాయనా."

గుణనంది చదివాడు. మొదట్లో గట్టిగానే మొదలుపెట్టాడు. నాలుగో ఆకు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. సూరవ్వ కుండ దించకుండానే నలభై రెండూ ఓపిగ్గా విన్నది.

"ఇన్నున్నయా సామీ?" అంది.

"ఉన్నాయట. నిన్న జరిగినదానికి వీటిలో ఏదమ్మా?"

"నాకేమెరుక సామీ? ముంత ముంత తోడితే కుండ నిండనీకి జాము పట్టింది. ఇంటికి ఉత్త చేతులతోని వచ్చిన. ఏమైందే అని మా వదినె అడిగితే, 'కొండ మీది సామి నా మీద పడ్డడు' అన్న. అంతే."

గుణనంది కట్ట వైపు చూశాడు. 'మీద పడడం' అనే మాట అందులో లేదు. అందరి నోళ్ళలోనూ రోజూ ఉండే మాట. ఎట్లా తప్పిపోయిందో అతనికి అర్థం కాలేదు.

అతను ముందుకు వచ్చి, "ఆ కుండ ఇలా ఇవ్వమ్మా, నిండా తెచ్చిస్తాను" అని చేతులు చాచాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. కుండ ఇవ్వలేదు.

గురువుగారు తన కమండలం అందించారు. "దీంతో తే. ఆమె చాలు అనేదాకా."

వాగు ఇసుక కాలుతోంది. గుణనంది చెలమ దగ్గర కూర్చుని, నీరు ఊరేదాకా ఆగి, తోడి, గుడ్డతో వడకట్టి, కమండలం నింపుకుని వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. చెలమలో నీరు ఎంత మెల్లగా ఊరుతుందో ఇన్నేళ్ళలో అతను ఎప్పుడూ చూడలేదు. మూడోసారి వచ్చేసరికి గురువుగారు తాటాకుల కట్టతో విసురుకుంటూ కనబడ్డారు. కడుపు మండవలసింది. మండే ఓపిక కూడా లేదు. అయిదోసారి నీళ్ళు పోస్తుంటే సూరవ్వ కుండ మూతి కాస్త అతని వైపు వంచింది. ఇంకా చాలాసార్లు తిరిగాక, "ఇగ చాలు" అంది.

ఆ సాయంత్రం శిష్యులంతా కూర్చున్నారు. గుణనంది వంతు వచ్చింది. కాళ్ళు బొబ్బలెక్కాయి. కట్ట అతని చేతిలో లేదు, గురువుగారి పక్కనే ఉంది. అతను అడగలేదు.

"నిన్న సూరవ్వ మీద పడ్డాను స్వామీ."

ఇంకేమైనా చెబుతాడేమోనని అందరూ చూశారు. అతను తల వంచుకుని కూర్చున్నాడు.

మేఘచంద్రస్వామి గోడకు చేరగిలబడి హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

"ఇవాళ తొందరగా అయింది" అన్నారు. "వెళ్ళి పడుకో నాయనా."